ఒంటరి నక్షత్రమును, పాలెములోని దీపమును



మన ప్రాంతపు సంఘములలో సాయంకాల ఆరాధన గంట ప్రొద్దు గ్రుంకిన తరువాతనే మ్రోగును. పత్తి తీయబోయినవారును, మిరపకాయలు కోయబోయినవారును ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని, పొయ్యిమీద ఎసరు పెట్టిన పిమ్మటగాని మందిరమునకు రాలేరు. కోతల దినములలో మిరప ఘాటు బట్టలతోకూడ లోపలికి వచ్చును. మొదటి కీర్తన సగము దగ్గులతోనే సాగును. నేడు కరెంటు దీపములున్నవి. నా చిన్నతనమున హరికేన్ లాంతరు ఉండెను, పండుగకు పెట్రోమాక్సు దీపము అద్దెకు తెచ్చెడివారు. మా నాయనమ్మ కాలమున ఆముదపు ప్రమిదయే దిక్కు. ఏ దీపమైనను, మన సంఘము రాత్రివేళ కూడుకొనుట నేర్చుకొన్న సంఘము. దాని చరిత్ర వ్రాయబూనినవాడు చీకటిని గూర్చి తొందరపడి మాటలాడరాదు.

తొందరపడి మాటలాడినవాడను నేనే గనుక ఈ సంగతి చెప్పుచున్నాను. సెమినరీ చదువు ముగించుకొని నేను మొదట వెళ్ళిన సంఘములో, క్రిస్మసుకు ముందు వారమున యెషయా గ్రంథము 9వ అధ్యాయము తీసికొని ప్రసంగించితిని. మన పితరులు అంధకారములో పుట్టిరనియు, చీకటియే వారి స్వభావమనియు, మిషనెరీలు వచ్చువరకు వారికి ఏమియు తెలియదనియు ఉత్సాహముతో చెప్పితిని. ఆరాధన ముగిసినపిమ్మట ఒక అవ్వ గుమ్మమునొద్ద నన్ను ఆపెను.

“అయ్యగారూ, ఇందాక చీకటి మనుషులన్నారే, వాళ్ళు మా తాతా మా నాయనమ్మే గదా?”

“అవును అవ్వా, అప్పటి కాలము అట్టిది.”

“వాళ్ళు చీకట్లో పుట్టలేదయ్యా. వాళ్ళని చీకట్లో ఉంచారు. ఆ రెండూ ఒకటేనా?”

నేను ఆత్మసంబంధమైన చీకటి అని ఏదో చెప్పబోతిని. “సరేలే అయ్యా, మీరు చదువుకున్నోళ్ళు” అని ఆమె చేతికఱ్ఱ ఊనుకొని వెళ్ళిపోయెను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అదే అధ్యాయమును మరల తెరచి చూచితిని. వెలుగు చూచిన జనులు ఎవరు? జెబూలూను, నఫ్తాలి దేశస్థులు. అష్షూరువారి కాళ్ళక్రింద నలిగినవారు. రెండు వచనములు దాటగానే ప్రవక్త వారి మెడమీది కాడిని గూర్చియు, వారిని తోలువాని కఱ్ఱను గూర్చియు చెప్పుచున్నాడు. దేవుడు ఆ కాడిని విరుచుటయే అక్కడ వెలుగు. అవ్వ చెప్పినది ఆ పుటలోనే యున్నది. నేను దానిని దాటి చదివితిని.

ఆ దినము మొదలుకొని మన సంఘచరిత్రను నేను మరియొక కన్నుతో చూచుచు వచ్చితిని. అందులో కొంత ఇక్కడ వ్రాయుచున్నాను.

అమెరికా బాప్తిస్టు మిషను పంపిన శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చెను. ఆయన 1840లో నెల్లూరునందు స్థిరపడెను. సంవత్సరములు గడచినను ఫలము చేతివ్రేళ్ళమీద లెక్కింపదగినంతయే. 1848లో ఒకసారి ఈ పనిని మానివేయుదమా అను ఆలోచన పుట్టెను. 1853లో న్యూయార్కు రాష్ట్రములోని ఆల్బనీ పట్టణమున సభ కూడినప్పుడు అదే ప్రశ్న మరల లేచెను. వారి పటములో ఒక్కొక్క మిషను కేంద్రమును ఒక్కొక్క నక్షత్రముగా గుర్తించియుండిరి. బర్మా దేశమున నక్షత్రములు గుంపుగా ఉండగా, బంగాళాఖాతమునకు ఈ ఒడ్డున నెల్లూరు దగ్గర ఒక్కటే కనబడెను. సభలో ఒకరు దానిని ఒంటరి నక్షత్రమని పిలిచిరి. ఆ రాత్రియే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను బోధకుడు ఆ నక్షత్రము ఆరిపోరాదని ఒక పద్యము వ్రాసి, మరునాడు వినిపింపగా విన్నవారు కన్నీరు కార్చిరని చెప్పుదురు. అమెరికా దేశభక్తి గీతములలో ప్రసిద్ధమైన దానిని వ్రాసినదియు ఈ స్మిత్ గారే. మిషను మూతబడలేదు. ‘ఒంటరి నక్షత్రపు మిషను’ అను పేరు నిలిచిపోయెను.

ఆ పద్యము వ్రాసిననాటికి స్మిత్ గారు మన దేశమును చూచియుండలేదు. పటములో చుక్కను చూచినవారికి దాని చుట్టునున్నదంతయు చీకటిగా కనబడుట సహజమే. నేలమీద నడచినవారికి అది వేరుగా కనబడెను. 1849లో నెల్లూరునకు వచ్చిన లైమన్ జ్యూవెట్ దొరగారు సువార్త ప్రయాణములో ఒంగోలు చేరి, 1854 జనవరి 1వ తేదీన తెల్లవారకముందే తన భార్యతోను, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులతోను ఊరి ప్రక్కనున్న కొండ ఎక్కెను. అయిదుగురును ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక మిషనెరీని పంపుమని వారు అడిగినది దేవునినే. దానిని నేటికిని ప్రార్థన కొండ అని పిలుచుచున్నాము. మన పుస్తకములు జ్యూవెట్ గారి పేరు పెద్ద అక్షరములతో వ్రాసి, తక్కినవారిని ‘మరికొందరు’ అని వదలుచున్నవి. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారనియు, మొత్తములో ముగ్గురు స్త్రీలనియు మన పిల్లలకు చెప్పవలెను. తెల్లవారుజామున కొండ ఎక్కినవారు చీకటిలోనే ఎక్కిరి. వారు దానికి భయపడలేదు, దానిని తిట్టలేదు.

ఆ ప్రార్థనకు జవాబు వచ్చుటకు పండ్రెండేండ్లకు పైగా పట్టెను. 1862లో మిషనును మూసివేయు మాట మూడవసారి వచ్చినప్పుడు, స్వదేశమునకు వెళ్ళియున్న జ్యూవెట్ గారు, మీరు పంపకపోయినను నేను వెళ్ళి ఆ తెలుగువారి మధ్యనే చనిపోవుదునని పట్టుబట్టెను. అప్పుడు జాన్ ఎవరెట్ క్లౌ అను యౌవనస్థుడు పంపబడి 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలునకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు దానిలో ఎనిమిదిమంది సభ్యులుండిరి.

ఇక అవ్వ ప్రశ్నకు వచ్చెదను. క్లౌ దొరగారు రాకముందు మన పాలెములలో ఏమియు లేదా? యెర్రగుంట్ల పేరయ్యగారి సంగతి చూడుడి. ఆయన మాదిగవాడు, తోళ్ళ వర్తకము చేయువాడు, ఒంగోలునకు సుమారు 40 మైళ్ళ దూరమున నివసించువాడు. దేవుడు ఒక్కడే, ఆయన విగ్రహములో లేడు అని బోధించు రాజయోగ గురువులను ఆశ్రయించి, ధ్యానము నేర్చుకొని, తాను కూడ కొందరికి గురువైయుండెను. తోళ్ళ బేరముమీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఒక మిషనెరీ నోట యేసుక్రీస్తు మాట వినెను. ఇన్నాళ్ళు తాను వెదకినది ఇదేనని ఆయనకు తోచెను. 1866లో ఆయనయు, భార్య నాగమ్మగారును జ్యూవెట్ గారి చేత బాప్తిస్మము పొందిరి. పేరయ్యగారు తన ఊరికి వెళ్ళి ఊరక కూర్చుండలేదు. పల్లె పల్లె తిరిగి, క్లౌ దొరగారు 1867 జనవరిలో ఆ ప్రాంతమునకు వచ్చునప్పటికే చింతతోపులో జనులను కూర్చియుండెను. ఆ కూటములలో 28 మంది బాప్తిస్మము పొందిరి. వారు దొరగారి మాటలు అప్పుడే మొదట విన్నవారు కారు. పేరయ్యగారు చెప్పగా ముందే విశ్వసించి, దొరగారికొరకు కాచుకొనియున్నవారు.

క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు ఈ మాదిగ గురువుల కథలను వారి నోటనే విని, 1899లో ఒక గ్రంథముగా ప్రకటించిరి. ఆమె అట్లు చేసియుండనియెడల, మన పితరులు వెదకినవారని మనకే తెలియకపోయెడిది. ఆనాటి మిషను నివేదికలలో మన దేశమును చీకటి దేశమని వ్రాయుట మామూలు. అట్లు వ్రాసినవారు మనకొరకు ప్రాణము పెట్టినవారు గనుక వారిని నేను తప్పుపట్టను. కాని వారి మాటను మనము మన తాతలమీద కప్పి చెప్పనక్కరలేదు. అజ్ఞానము లేదని కాదు. పాపము లేదని అంతకంటె కాదు. వెదకువానిని చీకటివాడని పిలువవచ్చునా అనునదే ప్రశ్న. తూర్పుదేశపు జ్ఞానులకు లేఖనములు లేవు, వారికి నక్షత్రము మాత్రమే ఉండెను. దానిని వెంబడించుట సాధ్యమైనది రాత్రిపూటనే.

మన పితరులు మాలపల్లెలోను మాదిగపాలెములోను పగలు ఎట్లు బ్రదికిరో ఎరుగుదురు గదా. మోట బావికి తోలు బాన కుట్టుట, ఆసాములకు చెప్పులు కుట్టుట, జాతరలో డప్పు కొట్టుట, పొలము పని, వెట్టి పని. వారికి తీరిక దొరకినది రాత్రియే. బోధకులు లాంతరు పట్టుకొని గట్లవెంబడి నడచివచ్చి, పాలెము నడుమ కూర్చుండి, పది ఆజ్ఞలు నోటికి నేర్పిరి. పిల్లలకు, పెద్దలకు కూడ అక్షరములు ఆ దీపమునొద్దనే వచ్చెను. ఆముదము ఖరీదైన దినములలో ఒక ప్రమిద చుట్టు ఎన్ని తలలు వంగియుండెనో! నా తాతగారు పెద్దవాడైన తరువాత అట్లు చదువ నేర్చినవాడే. ఆయన పుస్తకమును ముఖమునకు అతి దగ్గరగా పెట్టుకొని చదువుట నాకు జ్ఞాపకమున్నది. చూపు మందగించినదనుకొంటిమి, దీపము చిన్నదగుటచేత అలవాటైనదని ఆయనే చెప్పెను.

క్లౌ గారు క్రొత్త విశ్వాసులకు మూడు కట్టడలు పెట్టిరి: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు సులువే. ఆచరించినప్పుడు ఊరు వారిమీద లేచెను. జాతరకు డప్పు కొట్టమనిరి గనుక కొట్టించుకొనువారికి కోపము వచ్చెను, ఆదివారము పొలమునకు రామనిరి గనుక కరణము మునసబులకు కోపము వచ్చెను. చాకలి, మంగలి రామానిరి. బావి నీళ్ళు మూతబడెను. కొందరు దెబ్బలు తినిరి. వారు ఎంచుకొన్న వెలుగునకు వెల ఇదే. చీకటి పాలెములోనే ఉండెనా, లేక దానిలో కొంత ఊరి మధ్యన కూడ ఉండెనా? మీరే ఆలోచించుడి.

ఒంగోలులో ఆ తొలిదినములలోనే మరియొకటి జరిగెను. పెద్ద కులములవారు కొందరు క్లౌ గారి యొద్దకు వచ్చి, మాదిగలను చేర్చుకొనుట మానినయెడల మేము వచ్చెదమని చెప్పిరి. పెద్దవారు వచ్చినచో పని సులువగునని ఏ మిషనెరీకైనను ఆశ కలుగును. ఆయన తన గదిలోను, అప్పటి ఆయన భార్య హారియెట్ గారు తన గదిలోను, ఒకరి సంగతి ఒకరెరుగకయే బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయమే కనబడెనని ఆయనే చెప్పెడివారు. లోకము నీచముగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన మాటలవి. మాదిగలను చేర్చుకొనుట మానలేదు.

ఇక 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువు. దానిని గూర్చి మన ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు. చెన్నపట్టణపు రాజధానిలో లక్షలకొలది జనులు చచ్చిరి. క్లౌ గారు బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకము పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. బోధకులే మేస్త్రీలైరి. పగలు మన్ను త్రవ్వి, రాత్రి గుడిసెలయొద్ద కూర్చున్నప్పుడు కూలివారు వారిని ప్రశ్నలడుగుచు వచ్చిరి. ఇక్కడను రాత్రియే పాఠశాల.

అన్నముకొరకు క్రైస్తవులైరని నాడును నేడును అనువారున్నారు. నేను ఆ మాటను కోపముతో త్రోసివేయను. ఆకలి వారిని తెచ్చెను. యాకోబు కుమారులను ఐగుప్తునకు తెచ్చినదియు ఆకలియే. అయితే ఇది కూడ వినుడి. ఆ నింద రాకూడదనియే క్లౌ గారు కరువు కాలమున పదునైదు నెలలు బాప్తిస్మమియ్యక నిలిపివేసిరి. 1878లో సహాయపు పని ముగించి, ఇక ఇచ్చుటకు డబ్బు లేదని తెలియజేసిన పిమ్మట జనులు గుంపులుగా వచ్చి, మాకు సహాయము వద్దు, బాప్తిస్మమియ్యుడనిరి. అప్పుడు ఒంగోలునకు ఉత్తరమున సుమారు పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ యేటి ఒడ్డునగల వెల్లంపల్లియొద్ద కూడిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన దొరగారు నీటిలోనికి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఏటిలో నిలిచి, ఉదయము మొదలు సాయంకాలమువరకు, మధ్యాహ్నము కొంత విరామముతో, అందరికిని ఇచ్చిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి ఒంగోలు సంఘస్థుల సంఖ్య పండ్రెండు వేలు దాటెను.

ఆది సంఘములో బాప్తిస్మమునకు ‘వెలిగింపు’ అను పేరు కూడ ఉండెను. రోమా పట్టణమున సుమారు 150వ సంవత్సరములో యూస్టిను అను హతసాక్షి తన గ్రంథములో ఆ పేరు చెప్పుచున్నాడు. నాలుగవ శతాబ్దమున యెరూషలేములో బాప్తిస్మము పొందువారు మొదట పడమరకు తిరిగి నిలువబడి సాతానును విసర్జించి, పిదప తూర్పునకు తిరిగి తమ విశ్వాసమును ఒప్పుకొనెడివారని కురిల్లు అను అధ్యక్షుని బోధలవలన తెలియుచున్నది. ప్రొద్దు గ్రుంకు దిక్కు వారికి చీకటి గురుతు. గుండ్లకమ్మ నల్లమల కొండలలో పుట్టి తూర్పునకు పారి సముద్రములో కలియును. ఆ మూడు దినములు ఏటిలోనికి దిగినవారికి యెరూషలేము ఆచారము తెలియదు. వారిని ఎవరును ఈ దిక్కునకు తిరుగుడి అని అడుగలేదు. ఆరుగురిలో ఎవరో ఒకరు చేయి పట్టుకొనిరి, అంతే. తాకరానివారని ఊరు దూరముగా నిలిపినవారి చేతిని పట్టుకొనుటయే ఆ దినమున జరిగిన వెలిగింపులో మొదటి భాగమని నా తలంపు.

లేఖనములను ఈ దృష్టితో చదివినయెడల చీకటి ఒక్కటే విధమైనది కాదని కనబడును. నిర్గమకాండము 20వ అధ్యాయమున దేవుడున్న గాఢమైన చీకటిలోనికి మోషే వెళ్ళెను. 139వ కీర్తనకారునికి దేవుని యెదుట రాత్రియు పగలును ఒక్కటే. యోహాను సువార్తలో నీకొదేము రాత్రివేళ యేసునొద్దకు వచ్చెను. పిరికివాడని మనము అతనిని నిందింతుము, కాని యేసు తలుపు వేయలేదు, కూర్చుండి మాటలాడెను. యూదా ముక్క తీసికొని బయటికి వెళ్ళినదియు రాత్రియే. మరియొక సంగతి. 18వ అధ్యాయమున యేసును పట్టుకొనుటకు వచ్చినవారు దివిటీలతోను దీపములతోను వచ్చిరి. లోకమునకు వెలుగైనవానిని బంధించుటకు దీపములు పట్టుకొని వచ్చినవారు! చేతిలో దీపమున్నంత మాత్రమున మనుష్యుడు వెలుగులో ఉన్నాడని చెప్పలేము. పాస్టర్లమైన మేము ఈ వచనమును తరచుగా చదువుకొనవలెను.

దీపము పట్టుకొన్న సంఘములుగా మన సంగతి చూచుకొందము. గుంటూరునకు 1842 జూలై 31వ తేదీన లూథరను సంఘపు హేయర్ దొరగారు వచ్చిరి. కలెక్టరుగానుండిన స్టోక్సు గారు ఆయనకు తోడ్పడిరి. 1849లో ఆయన పలనాటికి వెళ్ళిరి. 1883లో వచ్చిన అన్నా కుగ్లరు అను వైద్యురాలు ఎందరి ప్రాణములో రక్షించిరి. ఆ మిషను వలన గుంటూరు ప్రాంతమున విశ్వసించినవారిలో మాలవారు ఎక్కువ. ఒంగోలు బాప్తిస్టులలో మాదిగవారు ఎక్కువ. దీనిని దైవసంకల్పమని కొందరు చెప్పుకొనుట విన్నాను. నేను అట్లు అనుకొనను. ఒక పల్లెలో రెండు మందిరములు, రెండు గంటలు, రెండు సమాధుల తోటలు. మధ్య ఒక బాట. ఆ బాట దాటి ఆదివారమున అవతలి మందిరములో కూర్చున్న కుటుంబములు నేను పనిచేసిన చోట్ల చాల తక్కువ. పెండ్లిసంబంధపు మాట ఎత్తుదమన్న నోరు రాదు. ఊరు మనలను వెలివేసినదని ఏడ్చినవారము, ఆ వెలిలో మరియొక వెలి కట్టుకొంటిమి. యోహాను తన మొదటి పత్రిక 2వ అధ్యాయమున, సహోదరుని ద్వేషించుచు తాను వెలుగులో ఉన్నానని చెప్పుకొనువానిని గూర్చి వ్రాసినది ఇక విప్పి చెప్పనక్కరలేదు. ఆ చీకటిని మన తాతలు మనకియ్యలేదు. కరెంటు వచ్చిన తరువాత కూడ మనమే దానిని కాపాడుకొనుచున్నాము.

నన్ను గుమ్మమునొద్ద ఆపిన అవ్వ కొన్ని సంవత్సరముల తరువాత ప్రభువునందు నిద్రించెను. అప్పటికి నేను వేరొక సంఘములో ఉంటిని, కబురు తెలిసి వెళ్ళితిని. దూరపు ఊరినుండి కుమారుడు రావలసియుండుటచేత ఆలస్యమై, సమాధి త్రవ్వుట ముగియునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. ఆ రాత్రి కరెంటు లేదు. మా యొద్ద ఒక్క లాంతరే యుండెను. గాలికి అది రెండుసార్లు ఆరిపోయెను. బాటకు అవతలి పాలెపు సంఘమునుండి నలుగురు యౌవనస్థులు బ్యాటరీ లైట్లు పట్టుకొని వచ్చిరి. ఎవరు పిలిచిరో నాకు తెలియదు. వారు గుంటకు నాలుగు ప్రక్కల నిలిచి వెలుగు చూపగా, మేము ఆమెను క్రిందికి దింపితిమి. ప్రార్థన అయిన తరువాత వారిలో ఒకడు తన లైటు ప్రక్కవానికిచ్చి, పార తీసికొని మన్ను పోయసాగెను.